వీపు మీద ఫుచ్కా

ఆ అక్షరాలకి ఫుచ్కా అని, అంటే కలకత్తా పానీపూరీ అని, పేరు పెట్టారు సుమ ఆఫీసువాళ్ళు. పేరు సరిగ్గానే కుదిరింది. నూనెలో పడి ఉబ్బినట్టు ఉంటాయి అన్నీ. బెంగాలీ అక్షరాలకి నెత్తిన గీత ఉంటుంది కదా, ఆ గీత కూడా తిన్నగా ఉండదు, తడిబట్టలు ఆరేసిన తాడులా మధ్యకి జారిపోయి ఉంటుంది. దాని కింద ఒక్కో అక్షరం ఒక్కో వైపుకి ఒరిగి, పొట్ట ముందుకు పెట్టుకుని వేలాడుతుంది. మెలిక తిరిగినచోట లోపలి ఖాళీ చుక్కంత మిగులుతుంది, మిగతాదంతా ఒళ్ళే. చూసినవాళ్ళకి నవ్వు రావాలి. అందుకోసమే పుట్టించారు దాన్ని.

పుష్పరాణికి కూడా మొదట్లో నవ్వే వచ్చింది. కూతురు సుమ మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, ఒక అక్షరానికి పొట్ట పెంచుతూ ఇంకోదానికి తగ్గిస్తూ కూర్చుంటే వెనక నిలబడి చూసేది.

"ఏటే ఆ బూరెలు?" అని అడిగింది ఒకరోజు.

"బూరెలు కాదమ్మా, లెటర్స్. చిప్స్ ప్యాకెట్ల మీద, హోర్డింగుల మీద వస్తాయి. రోడ్డు అవతల నుంచి కూడా కనబడాలి. చూడగానే మజా రావాలి."

"ఈటికింత ఒళ్ళు దేనికే?"

"సన్నగా ఉంటే ఎవరు చూస్తారు?"

అదీ నిజమే అనుకుంది పుష్పరాణి. తను సన్నగానే ఉండేది. ఇన్నేళ్ళలో తనని ఎవరు చూశారు గనక.

ఆవిడ పుట్టింది కలకత్తాలోనే. తండ్రి పలాస వైపు నుంచి వచ్చి మురికికాలవల పనిలో చేరాడు. పెళ్ళయి బేలియాఘాటా దగ్గరి తెలుగు లైన్లలో కాపురానికి వచ్చింది. లైన్లంటే పంపుహౌసుల్లోనూ కాలవల మీదా పనిచేసేవాళ్ళు ఉండే ఒంటిగది ఇళ్ళ వరసలు. భర్త వెంకటేశు పంపుహౌసులో పనిచేస్తాడు. పుష్పరాణి మాత్రం ఒక కంట్రాక్టు కంపెనీ కింద, న్యూ టౌన్‌లోని పెద్ద పెద్ద అపార్టుమెంట్లలో చెత్త ఎత్తుతుంది. తెలుగు మాట్లాడుతుంది, బెంగాలీ దంచేస్తుంది, హిందీలో పోట్లాడుతుంది. చదవడం మాత్రం ఏ భాషా రాదు. చిన్నప్పుడు బడికి పంపితే, ఆ వాసనేమిటని పక్క పిల్ల ముక్కు మూసుకుందట. మర్నాటినుంచి వెళ్ళలేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు నవ్వుతూనే చెబుతుంది, కానీ ఆ పిల్ల వేసుకున్న రిబ్బను రంగుతో సహా చెబుతుంది.

అందుకే తన పిల్ల విషయంలో మొండిపట్టు పట్టింది. లైన్లలో అందరూ పిల్లల్ని ఎప్పుడెప్పుడు పనిలో పెడదామా అని చూస్తుంటే, ఈవిడ సుమని బెంగాలీ బడిలో వేసింది, బొమ్మలు బాగా వేస్తోందంటే బొమ్మల కాలేజీకి పంపింది. ఇప్పుడు సుమకి న్యూ టౌన్‌లోనే అద్దాల మేడలో ఉద్యోగం. తల్లి చెత్తబండి తిరిగే వీధికి రెండు మలుపుల అవతల ఆ మేడ. ఉద్యోగంలో చేరిన కొత్తలో సుమ నసుగుతూ నసుగుతూ ఒక మాట అడిగింది, "అమ్మా, మా బిల్డింగు వైపు బండి తీసుకురాకు, ఏం?" అని. ఆఫీసులో అమ్మ ఇంట్లోనే ఉంటుందని చెప్పుకుందట. వెంకటేశు గుర్రుమన్నాడు గానీ పుష్పరాణి ఏమీ అనుకోలేదు. పిల్ల నలుగురిలో తిరిగేది, దాని ముందు ఎవరూ ముక్కు మూసుకోకూడదు, అంతే కదా కావలసింది. ఆ మేడ ఉన్న వీధి పనిని తోటిమనిషి సుందరికి అప్పగించి తను ఇటువైపు వీధి తీసుకుంది.

ఫుచ్కా అక్షరాలు బజారులోకి వచ్చాక వాటిని ముందుగా గుర్తుపట్టింది పుష్పరాణే. షాపులో కాదు, చెత్తలో. ఒకరోజు సంచీ విప్పితే చిప్స్ ప్యాకెట్టు మీద ఆ బొర్రలు. ప్యాకెట్టుని కొంగుతో తుడిచి సుందరికి చూపించింది.

"ఇది మా గుంట రాసిందే! సూడు, ఎలా ఒరిగిపోనాయో!"

"ఓలమ్మ! ఇదేటి, అచ్చరాలేటి? నాను మేకలనుకున్నాను," అంది సుందరి.

ఇద్దరూ విరగబడి నవ్వారు. ఆ తరవాత రోజూ కనబడడం మొదలెట్టాయి. కరిగిపోయిన ఐస్‌క్రీము కప్పు మీద అవే. ట్యూషను సెంటరు కరపత్రం మీద అవే. వ్యాయామశాల, పళ్ళ డాక్టరు, పెళ్ళికి అద్దెకిచ్చే కుర్చీలు, దోమల మందు, అన్నిటిమీదా అవే పొట్టలు. ఎవడో ఒకడు మొదలుపెడితే చాలు, ఊరంతా ఎగబడుతుంది కదా. పసిపిల్లల డయపర్ల ప్యాకెట్టు మీద కూడా అవే, లోపల వాడేసిన డయపరు కుక్కి, మూతి కూడా కట్టకుండా పారేసినది. చేపల కొట్టువాడు సంచుల మీద అవే కొట్టించాడు. నాలుగు రోజుల కిందటి చేప తలకాయ లోపల కుళ్ళి, పురుగు పట్టి, నీరు కారుతుంటే, పైన ఆ అక్షరాలు మాత్రం ఒకదాన్నొకటి మోచేత్తో పొడుచుకుని నవ్వుతూ ఉంటాయి. వాటికి సందర్భం అంటూ లేదు. ఏది పూసినా, ఏది కారినా అదే నవ్వు. పుష్పరాణికి మొదటిసారి కొంచెం ఎలపరం పుట్టింది. పిల్ల చేతిపని కదా అని సర్దుకుంది. ఆ సంచీని అక్షరాలు లోపలికి పోయేట్టు తిరగేసి బండిలో వేసింది.

అలాంటి రోజుల్లో వచ్చాయి కొత్త కోట్లు. కంట్రాక్టు కంపెనీవాళ్ళు అపార్టుమెంట్లలో శుభ్రత వారాలేవో జరుపుతున్నామని, గేటు గేటుకీ కొత్త చెత్తడబ్బాలు పెట్టారు. ఒక్కోదానికి పెద్ద నోరు, ఎర్రటి నాలుక, నోటి కింద బొర్ర అక్షరాలు. వాటితోపాటే పనివాళ్ళకి చేతుల్లేని కోట్లు పంచారు. చిలకపచ్చ రంగు, కళ్ళు జిగేలుమంటాయి. వీపు నిండా మళ్ళీ అదే నోరు, అదే నాలుక, అవే అక్షరాలు. సూపర్‌వైజరు చేతిలోంచి కోటు అందుకుని, వెనక్కి తిప్పి చూసి, పుష్పరాణి గుండె నిండిపోయింది. ఏం రాసుందో ఎవరినీ అడగలేదు. తన కూతురి అక్షరం తన వీపు మీదకి వచ్చిందన్న సంతోషంలో ఆ ఆలోచనే రాలేదు.

ఆ సంతోషంలో చెయ్యకూడని పని ఒకటి చేసింది. ఆ లైన్లలో అత్తల కాలం నుంచీ ఒక కట్టుబాటు ఉంది. డ్యూటీ గుడ్డ గుమ్మం దాటి లోపలికి రాదు. పనినుంచి వచ్చినవాళ్ళు కొళాయి దగ్గరే ఒళ్ళు కడుక్కుని, ఇంటి చీర కట్టుకుని, అప్పుడు లోపలికి అడుగుపెడతారు. జ్వరం వచ్చినా, వాన కురుస్తున్నా అంతే. బయటివాళ్ళు మమ్మల్ని ఎలా చూస్తే మాకేం, మా ఇంట్లోకి ఆ వాసన రానివ్వం అన్న పౌరుషం అది. పుష్పరాణి ఆ రోజు కోటుని మడిచి, చంకలో పెట్టుకుని సరాసరి ఇంట్లోకి తెచ్చి, అమ్మవారి పటం కింద కుర్చీ వీపుకి తొడిగింది. కుంకుమబొట్టు కూడా పెట్టింది.

"డూటీ గుడ్డ ఇంట్లోకేటే? మతిపోనాదా?" అన్నాడు వెంకటేశు.

"డూటీ గుడ్డ కాదిది. మన గుంట అచ్చరం. ఇంకా ఏసుకోనైనా లేదు, కొత్తది," అంది.

ఇరుగుపొరుగు వచ్చి చూసి వెళ్ళారు. సుమ ఆఫీసునుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. కుర్చీ వైపు చూసింది, కుంకుమబొట్టు వైపు చూసింది. తలనొప్పి అని చెప్పి అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకుంది. ఇంతమంది చూశారు, దిష్టి తగిలిందనుకుని పుష్పరాణి ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది.

మర్నాడు కోటు తొడుక్కుని పనిలోకి దిగింది. అలాంటి ఉదయం ఆవిడ జీవితంలో ఎప్పుడూ లేదు. పొద్దున్నే నడకకి వచ్చినవాళ్ళు ఆవిణ్ణి చూశారు. ఇన్నేళ్ళూ స్తంభాన్ని తప్పుకున్నట్టు తప్పుకుపోయినవాళ్ళు ఆగి, వెనక్కి తిరిగి, మళ్ళీ చూసి నవ్వారు. మూడో అంతస్తు బాల్కనీలోంచి ఒకావిడ లోపలున్న మొగుణ్ణి కూడా పిలిచి చూపించింది. కాలేజీ ఆడపిల్లలు వెనక చేరి ఫోటో దిగారు. పుష్పరాణి కూడా వాళ్ళకేసి తిరిగి నవ్వింది. చూడగానే మజా రావాలని సుమ అన్నది కదా, వచ్చిందన్నమాట అనుకుంది. ఎంత నవ్విందంటే, దవడలు నొప్పెట్టాయి.

ఒక కుర్రవాడు, చెవుల్లో పాటలు పెట్టుకున్నవాడు, కాఫీ తాగేసిన ప్లాస్టిక్ గ్లాసు తెచ్చి ఆవిడ మూతి దగ్గర పెట్టి "ఖాబే?" అన్నాడు. తింటావా అని. ఏమిటో సరదా అనుకుని గ్లాసు అందుకుని బండిలో వేసింది. వాడూ వాడి స్నేహితులూ కడుపు పట్టుకున్నారు. బండి వైపు వంగేసరికి మెడ వెనక చల్లగా ఏదో పడింది. పడి, కోటుకీ రవికకీ మధ్య వీపు మీంచి నడుం దాకా జారింది. చెయ్యి పెట్టి తీస్తే కుళ్ళిన బొప్పాయి తొక్క, గింజలు, జిగురు. వేళ్ళకి అంటుకుని వదలదు. వెనక కేరింతలు. ఎవరు వేశారో చూద్దామని తిరిగితే అందరివీ ఒకేలాంటి మొహాలు, ఇస్త్రీ చేసిన మొహాలు.

చెత్త అంటే అసహ్యం లేదు పుష్పరాణికి. ఇరవైరకాల కుళ్ళు చేత్తో ఎత్తిన మనిషి. కానీ ఆ జిగురు వీపు మీద ఎండుతుంటే బండిని అక్కడే వదిలేసింది. గేటు దగ్గర కాపలా ఉండే ముసలి దర్వాను దగ్గరికి వెళ్ళి, వీపు తిప్పి, ఏం రాసుందో చదవమంది. అతను చదవనన్నాడు. బతిమాలితే తల దించుకుని చదివాడు.

"ఆమాకే దావ్, ఆమి ఖాబో."

నాకు పెట్టు, నేను తింటాను. చెత్తడబ్బా చెప్పే మాట. డబ్బా నోటి కింద ఉన్న మాటే మనిషి వీపు మీద. దాన్ని రోడ్డు అవతలికి కనబడేంత లావుగా, చూసిన ప్రతివాడికీ నవ్వొచ్చేంత ముద్దుగా రాశారు. పుష్పరాణి పొద్దున్నుంచీ తను నవ్విన నవ్వులన్నీ తలుచుకుంది. గేటు పక్క కాలవలో వాంతి చేసుకుంది.

కోటు విప్పి, చంకన పెట్టుకుని సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళింది. ఆయన మంచీ చెడ్డా లేని బెంగాలీ మనిషి, ఎవరితోనూ తగువు పడడు.

"ఇది నేను వేసుకోను దాదా," అంది బెంగాలీలో.

"వేసుకోకపోతే డ్యూటీ లేదు దీదీ. నాదేం లేదు, పైనుంచి వచ్చింది. అడక్కుండా చెయ్యలేదులే, మీటింగులో నేనూ ఉన్నాను. డబ్బాల కోసం రాసిన మాట, కోట్ల మీద కూడా వేస్తే బాగుంటుందని కంపెనీవాళ్ళన్నారు. పనివాళ్ళు ఏమన్నా అనుకుంటారేమో అని ఒకాయన అడిగాడు కూడా. ఆ అక్షరాలు తయారుచేసిన అమ్మాయే చెప్పింది, ఏం ఫరవాలేదు, వాళ్ళకి చదవడం రాదు అని. మీ మద్రాసీ పిల్లలానే ఉంది మరి. సుమో ఏదో పేరు."

ఆయనకి తెలీదు, ఎవరితో చెబుతున్నాడో. చెప్పేసి ఫోను వచ్చిందని పక్కకి వెళ్ళాడు.

పుష్పరాణి ఇంటికి నడిచే వచ్చినంత పని చేసింది. రెండు బస్సులు వదిలేసి మూడోది ఎక్కింది. పనిపోతుందన్న భయం ఒక పక్కన ఉంది, అది పెద్దదిగా తోచలేదు. ఆ మాట సుమ అనలేదని సుమ నోటితో వినాలి. ఇంకో సుమ ఎవరో ఉండి ఉంటుంది. లేకపోతే ఇంకెవరో అన్న మాట ఈయన దీని నెత్తిన వేసుంటాడు. బస్సులో కూర్చున్నంతసేపూ కూతురి తరఫున తనే సాక్ష్యాలు వెతుక్కుంది. కిటికీలోంచి చూస్తే ప్రతి మలుపులోనూ ఆ బొర్ర అక్షరాలే పళ్ళికిలిస్తూ నిలబడ్డాయి. థూ అని కిటికీలోంచి ఉమ్మింది.

కొళాయి దగ్గర ఎంత రుద్దినా వీపు మీద జిగురు పోయినట్టు అనిపించలేదు. కోటుని మాత్రం తడపలేదు. సంచిలో కుక్కి గుమ్మం బయట పెట్టింది.

సుమ సాయంత్రం వచ్చింది. చెప్పులు విప్పుతుంటేనే తల్లి మొహం చూసి ఆగింది. వెంకటేశు ఇంకా పంపుహౌసునుంచి రాలేదు.

"ఆ కోటు మీదేటి రాసుందో నీకు తెల్సా?" అంది పుష్పరాణి.

సుమ రెండో చెప్పు విప్పి గోడవారగా పెట్టింది.

"పనోలకి సదవడం రాదని సెప్పింది నువ్వేనేటి?"

సుమ మంచం చివర కూర్చుంది. ఏడుపు గొంతుతో, "డబ్బాల కోసం రాశానమ్మా. డబ్బాల కోసమే. కోట్ల మాట వాళ్ళు తెచ్చారు. అందరూ బాగుంది బాగుంది అంటున్నారు. ఎవరో అడిగారు, వాళ్ళు ఫీలవుతారా అని. ఎవరూ ఏం చెప్పట్లేదు. నేను ఫీలవుతారు అంటే, నీకెలా తెలుసు అని అడుగుతారు కదా" అంది.

"అడిగితే?"

"అడిగితే ఏం చెప్పను?"

అమ్మ ఇంట్లోనే ఉంటుందని సుమ చెప్పుకుంటే పుష్పరాణి తనే ఒప్పుకుంది. బండి అటు తీసుకురానని తనే మాటిచ్చింది. తను ఇంట్లో ఉండే మనిషయినప్పుడు రోడ్డుమీద చెత్త ఎత్తే మనిషి ఎవరో పరాయిది. పరాయిదాని వీపు మీద ఏం రాస్తే ఏం! అది అర్థమయ్యేసరికి కన్నకూతురి మీద రోత పుట్టింది. చేప తలకాయ మీద పుట్టిన ఎలపరం కంటే గట్టిది. అలాంటిది తనలో పుట్టినందుకు భయం కూడా వేసింది.

"బొప్పాయి తొక్క ఏసేరే నా ఎనకాల. నాను నవ్వేను. నీ అచ్చరాలు సూసి మెచ్చుకుంతన్నారు గావాలని ఆలతోపాటు నవ్వేను."

సుమ రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. "రేపే మాట్లాడతాను. ఫాంట్ మార్పిస్తాను. సన్నగా, డీసెంటుగా ఉండేది పెడదాం, దూరం నుంచి కనబడకుండా—"

"సన్నంగా రాస్తే తిండాన్ని మానేత్తానేటి నాను?"

సుమ చున్నీతో కళ్ళు తుడుచుకుని, "అయితే ఏం చెయ్యమంటావు?" అంది కొంచెం విసుగ్గా. చదువుకున్నవాళ్ళకి ఏడుపు ఆరగానే విసుగొస్తుంది.

పుష్పరాణి లేచి గుమ్మం బయటికి వెళ్ళి సంచిలోంచి కోటు తీసుకొచ్చింది. జిగురు ఎండి అట్టకట్టింది. మధ్యాహ్నం ఎండకి అది పులిసి, వాసన గది నిండా కమ్మింది. రెండు చేతుల్తో భుజాల దగ్గర పట్టుకుని, తొడగడానికి వీలుగా విప్పి, కూతురి ముందు పెట్టింది.

"ఏసుకో. ఓపాలి ఏసుకుని టీకొట్టు దాకా ఎల్లొచ్చీ. ఆ తరవాత నువ్వేటి సెబితే అదే నాను సేస్తాను. ఏసుకోమంటే ఏసుకుంటాను."

సుమ చెయ్యి ముందుకి వచ్చింది. అట్టకట్టిన చోట వేలు తగిలింది. ఒక్కసారిగా వెనక్కి గెంతి, చున్నీతో ముక్కు మూసుకుని, "ఛీ!" అంది. అనాలని అన్నది కాదు, కడుపులోంచి తన్నుకొచ్చింది.

పుష్పరాణి కోటు కిందకి దించింది.

"ఆ మాటేనే," అంది. "ఆ ఛీ ఏదో ఆ రోజు మీ మీటింగులో అనీసుంటే సరిపోను గదే."